మామ బేస్ గిటార్, రెండు వాల్యూమ్ కంట్రోళ్ళు

గిటార్ల గురించి రాసేవాళ్ళకి విశేషణాల కొరత ఉండదు. వెచ్చని స్వరం, తేనెలాంటి స్వరం, గాజులాంటి స్వరం, ఊపిరి ఆడే స్వరం. చెక్క గురించో, తీగల గురించో అంటే సరేలే అనుకోవచ్చు. నాబ్ కింద దాక్కుని ఉండే మూడు కాళ్ళ రేకు డబ్బా, అదే పొటెన్షియోమీటర్, దాని గురించి కూడా ఇవే మాటలు. నవలల మీద నాలుగు సమీక్షలు రాసినవాణ్ణి కనక "చిక్కని కథనం", "గుండె తడి" లాంటివి ఎంత సులువుగా చేతికి తగులుతాయో నాకు తెలుసు. ఆ తడి ఏ పేజీలో ఉందో చూపించమంటే మాత్రం కష్టం. పొటెన్షియోమీటర్‌తో ఒక సుఖం ఉంది. మల్టీమీటర్ పెట్టి చూడొచ్చు. అయితే అన్నీ మల్టీమీటర్‌కి దొరకవని కూడా పోయిన వానాకాలంలో, భూపాలపల్లిలో మా మేనమామ బేస్ గిటార్ విప్పినప్పుడు తెలిసింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. మా వైపు ఏ రేడియో మెకానిక్ షాపుకి వెళ్ళి పొటెన్షియోమీటర్ కావాలన్నా ఒక క్షణం వెలగదు. "వాల్యూమ్ కంట్రోల్" అనాలి. "స్విచ్చున్నదా, లేనిదా?" అని అడుగుతారు, ఎందుకంటే పాత రేడియోల్లో టక్కుమని ఆన్ అయ్యేదీ, గొంతు పెంచేదీ ఒకే నాబ్. లోపల ఏమీ లేదు. గుర్రపు నాడా ఆకారంలో కార్బన్ పూసిన ఒక పట్టీ, దాని మీద జారే ఒక లోహపు నాలుక. పట్టీ రెండు చివర్లు రెండు కాళ్ళు, నాలుక మధ్య కాలు. నాలుక ఎక్కడుంటే అక్కడి వాటా కరెంటు బయటికొస్తుంది. ఫిజిక్స్ ల్యాబులో పొడుగాటి రియోస్టాట్ జరిపినవాళ్ళందరికీ ఇది తెలిసిన సంగతే. మామ కూడా అదే అన్నాడు: "ఇది చిన్న రియోస్టాట్ గదా అల్లుడా, దీనికింత పంచాయితి దేనికి?"

మామ బొగ్గుబాయి వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. నాది జనగామ, మామది భూపాలపల్లి, పిన్ని వాళ్ళది మహబూబాబాద్, అంటే మానుకోట. 2016 అక్టోబరుకి ముందు ఇవన్నీ వరంగల్ జిల్లానే. ఇప్పుడు ముగ్గురం మూడు జిల్లాల వాళ్ళం. మా అమ్మ వైపు వాళ్ళంతా చర్చికి వెళ్ళేవాళ్ళు. ఈ జిల్లాల్లో నేనెరిగిన బేస్ వాయించేవాళ్ళలో ఎక్కువమంది చర్చిలోనే నేర్చుకున్నారు. దీనికో పాత నేపథ్యం లేకపోలేదు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోనే ఉన్న డోర్నకల్‌లో 1912లో అజరయ్య బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్. 1939లో అక్కడ కెథెడ్రల్ లేచింది, గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసిన కట్టడం. అందులో పాడింది తెలుగు కీర్తనలే. తబలా, హార్మోనియం, తర్వాత కీబోర్డు, ఆ తర్వాత డ్రమ్స్, చిట్టచివరికి బేస్ గిటార్. చివర వచ్చింది కదా, తీసేయాలనుకున్నప్పుడు మొదట కనబడేదీ అదే.

మామ బేస్ వాయించడం మొదలుపెట్టింది మాత్రం చర్చి కోసం కాదు, ఇళయరాజా కోసం. "గీతాంజలి" క్యాసెట్‌ని టేప్‌రికార్డర్‌లో పెట్టి, పాట వదిలేసి కింద నడిచేదాన్ని వినమనేవాడు నాకు. ఆ వయసులో నాకు అదేమిటో అర్థం కాలేదు. తర్వాత ఇంజనీరింగులో హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాక, పాట కింద ఇంకో పాట ఉంటుందని తెలిసింది. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో ముప్ఫై ఏళ్ళు వాయించాడు. ఇప్పుడు ఆదివారం చర్చిలో మాత్రమే.

చర్చిలో చిక్కొచ్చింది. ఆరాధన ఫోన్‌లో లైవ్ పెడుతున్నారు. ఎవరో ఊరు దాటి వెళ్ళినవాళ్ళు ఫోన్ చేసి పాటల మధ్యలో గరగర వస్తోందని చెప్పారు. వెతికితే అది మామ వాల్యూమ్ నాబ్. తిప్పినప్పుడల్లా చిటపటలు. చిక్కు ఏమిటంటే, ఆ గరగర మామకి వినబడదు. వయసొకటి, తాళాలు మోగే డ్రమ్స్ పక్కనే ముప్ఫై ఏళ్ళు నిలబడటం ఇంకొకటి. హనుమకొండలో చెవి పరీక్ష చేయించిన కాగితం చూశాను. వెయ్యి హెర్ట్జ్ దాకా గీత దాదాపు తిన్నగా నడిచి, రెండు వేలు దాటాక బావిలోకి దిగినట్టు దిగిపోయింది. కీబోర్డు వాయించే అబ్బాయి మంచివాడే, ఇరవై ఏళ్ళుంటాయి. "అంకుల్, బేస్ నేను ఎడమచేత్తో కీబోర్డు మీదనే కొడతా, మీకెందుకు శ్రమ?" అన్నాడట. శ్రమ అన్న మాట మామకి తగలాల్సిన చోటే తగిలింది. నాకు ఫోన్ చేసి ఇదంతా ఏమీ చెప్పలేదు. "అల్లుడా, వాల్యూమ్ కంట్రోళ్ళు రెండు కావాలె. మంచియి" అన్నాడంతే.

మంచివి అంటే ఏమిటి?

ముందు పాతవి చూద్దాం అనుకున్నాను. హనుమకొండ నుంచి పరకాల మీదుగా బస్సులో వెళ్ళాను, సంచీలో సోల్డ్రాన్, మల్టీమీటర్, వెర్నియర్. ఆ బేస్ ఫెండర్ ప్రెసిషన్ నమూనాకి చౌక నకలు. ఒక పికప్, ఒక వాల్యూమ్, ఒక టోన్, అంతే. లోపలివి రెండూ వేలి గోరంత చిన్న రకం, వీపు మీద "బీ500కె" అని అచ్చు. కొలిస్తే ఒకటి 462 కిలో ఓమ్‌లు, ఇంకోటి 431. ఇది నాసిరకం అనుకోకండి. ఈ జాతి భాగాలకి ఇరవై శాతం అటూ ఇటూ అనుమతి ఉంటుంది. 500 అని రాసింది 400 నుంచి 600 దాకా ఏదైనా కావొచ్చు. 250 అని రాసింది 200 కావొచ్చు, 300 కావొచ్చు. కాబట్టి ఎవరైనా "నేను 250 తీసి 280 వేశాను, స్వరం విచ్చుకుంది" అని రాస్తే, ముందు ఆ తీసిన 250ని ఎవరైనా కొలిచారా అని అడగాలి. బహుశా అదే 280.

వాల్యూమ్‌ది ట్రాక్ అరిగిపోయింది. మీటరు పెట్టి మెల్లగా తిప్పితే అంకెలు పెరుగుతూ పెరుగుతూ మధ్యలో రెండు చోట్ల ఎగిరి పడుతున్నాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ముప్ఫై సార్లు అటూ ఇటూ తిప్పితే దుమ్ము వల్ల వచ్చే గరగర పోతుంది. ఇది దుమ్ము కాదు. భూపాలపల్లిలో అన్నింటి మీదా బొగ్గు దుమ్మే కదా అంటే మామ నవ్వాడు: "లోపల గూడ బొగ్గే గదరా." నిజమే, ట్రాక్ కార్బనే. ఆ కార్బనే అరిగిపోయింది.

మార్చాలంటే మూడు ప్రశ్నలు. ఎంత విలువ, ఏ టేపర్, పడుతుందా లేదా. పుస్తకాల్లో ఈ వరసలోనే ఉంటాయి. చేతిలో పని ఉన్నప్పుడు మూడోదే మొదట వస్తుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

విలువ గురించి అందరికీ తెలిసిన సూత్రం: సింగిల్ కాయిల్ పికప్‌కి 250, హంబకర్‌కి 500. ఫెండర్ జాజ్‌మాస్టర్‌కి ఏకంగా ఒక మెగా ఓమ్. బ్యాటరీతో నడిచే ఈఎంజీ లాంటి యాక్టివ్ పికప్‌లకి 25 కిలో ఓమ్‌లే. సూత్రం సరే, ప్రెసిషన్ బేస్ దగ్గర అది తడబడుతుంది. 1957 నుంచి ఆ పికప్ రెండు ముక్కలుగా ఉండి, హమ్‌ని రద్దు చేసుకునే రకమే. అయినా దానికి వాడే అలవాటు 250. అంటే ఇది పికప్ కులగోత్రాల ప్రశ్న కాదు, లోడ్ ప్రశ్న.

పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్ల సన్నటి రాగి తీగ. పెద్ద ఇండక్టర్. గిటార్ నుంచి యాంప్లిఫయర్‌కి వెళ్ళే వైరుకి మీటరుకి వంద పైకోఫారాడ్ల చొప్పున కెపాసిటెన్స్ ఉంటుంది. ఇండక్టర్, కెపాసిటర్ కలిస్తే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర గొంతెత్తుతాయి, రెండో సంవత్సరం సిలబస్సే. పికప్ అయిదు హెన్రీలు, వైరూ గీరూ కలిపి 600 పైకోఫారాడ్లు వేసుకుంటే ఆ శిఖరం 2900 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. వాల్యూమ్, టోన్ రెండూ ఈ శిఖరం మీద కూర్చునే బరువులు. పూర్తిగా తెరిచి ఉన్నా సరే, రెండు 250లు కలిసి 125 కిలో ఓమ్‌ల లోడు, రెండు 500లు కలిసి 250. లోడు ఓమ్‌లు తగ్గితే శిఖరం కుంగుతుంది. లెక్క కట్టి చూశాను. రెంటికీ శిఖరం దగ్గర తేడా నాలుగు డెసిబెళ్ళ దాకా వస్తుంది, నిజం పికప్‌లో లోపలి నష్టాల వల్ల ఇంకా తక్కువ. ఆ శిఖరానికి దూరంగా, కింద, తేడా ఏమీ లేదు. తేనె, గాజు, ఊపిరి అన్నీ ఈ నాలుగు డెసిబెళ్ళలోంచి పుట్టినవే.

ఇప్పుడు మామ చెవి కాగితం పక్కన పెట్టుకోండి. 2900 దగ్గర ఆయన గీత బావిలో ఉంది. 250కీ 500కీ తేడా ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఆయనకి వినికిడి లేదు. అదే కాగితాన్ని ఇంకోవైపు నుంచి చూస్తే మరో సంగతి. బేస్‌లో అన్నింటికన్నా కింది తీగ 41 హెర్ట్జ్. పై తీగ మీద ఇరవయ్యో ఫ్రెట్ నొక్కినా 311. అంటే ఆ వాద్యం మీద ఉన్న ప్రతి స్వరమూ, మూలస్వరం వరకు, ఆయన గీత తిన్నగా ఉన్న భాగంలోనే ఉంది. వయోలిన్ వాయించే మనిషికి ఈ అదృష్టం లేదు. మామకి ఇది కాగితం మీద గీసి చూపించాను. చాలాసేపు చూసి, "అయితే నాకు నా స్వరాలన్నీ ఇనవడ్తున్నయన్నట్టే" అన్నాడు. అవును. వినబడనిది గరగర, వేళ్ళ చప్పుడు, తీగ మెరుపు.

మరి విలువ ఎవరి చెవి కోసం ఎంచాలి? వాయించేవాడి కోసం అని పుస్తకాలు నమ్ముతాయి. ఇక్కడ వినేవాళ్ళు రెండు రకాలు, హాల్లో కూర్చున్నవాళ్ళు, ఫోన్‌లో చూసేవాళ్ళు. మామూలు ఫోన్ స్పీకర్ రెండు మూడు వందల హెర్ట్జ్‌ల కింద చెప్పుకోదగ్గది ఏమీ పలకదు. 41 హెర్ట్జ్ స్వరాన్ని ఫోన్‌లో వింటున్నాం అనుకునేది నిజానికి దాని పై అనుస్వరాలను. మెదడే కింది మెట్టు కట్టుకుంటుంది. కాబట్టి ఫోన్ కోసమైతే పై భాగం కొంచెం మిగలాలి.

పాతవి తీసేసి, క్రొకడైల్ క్లిప్పులతో బయటే కట్టి, 250ల జత ఒకసారి, 500ల జత ఒకసారి పెట్టి మామ చేత ఒకే కీర్తన రెండుసార్లు వాయించాను. రికార్డు చేసి, ఏది ఏదో చెప్పకుండా మానుకోట చెల్లెలికి పంపాను. తను అక్కడి చర్చిలో గిటార్ వాయిస్తుంది, మొహమాటం లేని మనిషి. జవాబు: "ఫోన్‌ల ఇంటే రెండోది నయం అన్నా, వేళ్ళ సప్పుడు వస్తుంది గని పాట ఏడికి పోతుందో తెలుస్తుంది. స్పీకర్ల పెట్టి ఇంటే మొదటిది నయం." రెండోది 500లు. ఒక్క మనిషి, రెండు తీర్పులు, రెండూ సరైనవే. సమీక్షకులందరూ ఇలా ఏ స్పీకర్‌లో విన్నారో కూడా రాస్తే బాగుండును. మధ్యేమార్గం ఒకటుంది, ఒకటి 500, ఒకటి 250 వేస్తే లోడు 167. చాలామంది చేసేదే. దానికే మొగ్గాను.

ఇక టేపర్. నాకు తెలిసి ఈ విషయంలో అసలు ఆలోచించాల్సింది ఇదే, విలువ కాదు. బీ అంటే లీనియర్. సగం తిప్పితే సగం. ఏ అంటే ఆడియో. సగం తిప్పితే పదో పదిహేనో శాతం. (పాత యూరప్ భాగాల మీద ఏ అంటే లీనియర్ అని తలకిందులుగా ఉంటుంది. అక్షరాన్ని నమ్మకండి, నాబ్ సగానికి పెట్టి మీటరుతో చూడండి.) ఆడియో ఎందుకంటే చెవి లాగరిథమిక్. వోల్టేజి సగమైతే ఆరు డెసిబెళ్ళు తగ్గుతుంది, చెవికి అది సగం అనిపించదు, కొంచెం తగ్గినట్టుంటుంది. సగం అనిపించాలంటే పది డెసిబెళ్ళు తగ్గాలి. అందుకే వాల్యూమ్‌కి ఏ వేసుకోవాలని ఏ పుస్తకమైనా చెబుతుంది. లోపల నిజమైన లాగరిథమ్ వక్రం కూడా ఉండదు, మామూలు రకాల్లో రెండు వాలుల కార్బన్ ముక్కలను అతికించి, ఇదే వక్రం అనుకోమంటారు. చెవి అనుకుంటుంది కూడా.

నేను వాల్యూమ్‌కి ఏ వేద్దామన్నాను. కారణం గట్టిదే. ప్రార్థన జరుగుతున్నప్పుడు పాస్టర్ గారి మాట కింద మామ చాలా మెల్లగా వాయించాలి. మామూలు స్థాయికి ఇరవై డెసిబెళ్ళు కింద అనుకోండి. లీనియర్‌లో ఇరవై డెసిబెళ్ళంటే పదో వంతు. మొత్తం తిరిగేది 300 డిగ్రీలు, అందులో చివరి 30 డిగ్రీల్లో ఆ మెల్లదనమంతా ఇరికి ఉంటుంది. గడియారంలో గంటల ముల్లు ఒక గంట జరిగినంత. ఆడియోలో అదే మెల్లదనం సుమారు నడిమధ్యన, అయిదు గంటలు జరిగినంత దూరంలో, హాయిగా దొరుకుతుంది.

మామ రెండూ కళ్ళు మూసుకుని తిప్పి చూశాడు. మళ్ళీ మళ్ళీ చూశాడు. చివరికి బీ అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు, చేసి చూపించాడు. ప్రార్థన మొదలైతే ఆయన నాబ్‌ని మెల్లగా తగ్గించడు. సున్నాకి, అడ్డం తగిలేదాకా, గిర్రున తిప్పేస్తాడు. అక్కడి నుంచి ఒక వేలి కదలికంత వెనక్కి తెస్తాడు. "ఎంత మెల్లగుందో నాకెట్ల తెలుస్తది? మెల్లగున్నది నాకు ఇనవడదు. చెవికి తెల్వకపోయినా వేలుకు తెలుస్తది గదా." సున్నా దగ్గర తగిలే ఆ అడ్డమే ఆయనకి కొలబద్ద. అక్కడి నుంచి ఒక గంట వెనక్కి వస్తే లీనియర్‌లో సరిగ్గా ఇరవై డెసిబెళ్ళ కింద నిలబడతాడు. ఆడియోలో అదే కదలికకి ఒకటో రెండో శాతమే వస్తుంది. అంటే మౌనం. ఆయన వాయిస్తున్నాననుకుంటూ ఉంటాడు, హాల్లో ఎవరికీ ఏమీ వినబడదు.

చెవి లాగరిథమిక్ అన్న మాట అబద్ధం కాదు. దాని వెనక ఒక ఊహ ఉంది, తిప్పే చెయ్యి చెవి మాట విని ఆగుతుందని. మా రంగంలో దీన్ని ఫీడ్‌బ్యాక్ లూప్ అంటాం. మామ లూప్‌లో చెవి లేదు, అడ్డమూ వేలూ ఉన్నాయి. ఆ లూప్‌కి సరిపడేది లీనియరే. ఈ కోణం నేను ఎక్కడా చదవలేదు. చెప్పినవాడు పొటెన్షియోమీటర్ అన్న మాట వాడనివాడు. టోన్‌కి మాత్రం ఏ వేయమన్నాను, ఒప్పుకున్నాడు. దాన్ని ఆయన వారానికోసారి కూడా ముట్టుకోడు.

ఇక పడుతుందా లేదా. మామ బేస్ మీది నాబ్‌లు ఇత్తడివి, ఆయనే ఎప్పుడో వర్క్‌షాపులో లేత్ మీద తీసినవి. చూసినవాళ్ళు పెంబర్తివా అని అడుగుతారు. జనగామ పక్కన పెంబర్తిలో చేసేది రేకు మీద సాగగొట్టే పని, ఇది లేత్ పని, సంబంధం లేదు. అయినా ఒకరిద్దరికి మామ అవునని చెప్పాడట. ఆ నాబ్‌ల రంధ్రం ఆరు మిల్లీమీటర్లు, పక్కన బిగించే చిన్న స్క్రూ. "ఏమన్న మార్చు, గివి మాత్రం పోనియ్య" అన్నాడు. దాంతో అమెరికా సీటీఎస్ రకాలు, అందరూ పొగిడేవి, ఒక్కసారిగా పక్కకి పోయాయి. వాటి షాఫ్ట్ పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. పళ్ళున్న చీలిక షాఫ్టుల్లో ఇంకో తంటా. అమెరికా వాటికి 24 పళ్ళు, మెట్రిక్ వాటికి 18. బుష్‌కి కావలసిన రంధ్రం కూడా తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, మామ గిటార్‌కి ఉన్నది ఎనిమిది. కొనేముందు ఈ మూడు కొలతలు తీసుకోనివాళ్ళు డబ్బాలో పెట్టి తిరిగి పంపుతూ ఉంటారు. (సీటీఎస్ గురించి ఒక మంచి మాట: వాటి వీపు మీద 137 అనే కంపెనీ అంకె, దాని తర్వాత సంవత్సరమూ వారమూ ఉంటాయి. పాత గిటార్ వయసు ఎంతో దాన్నిబట్టి పట్టుకుంటారు. పుస్తకం రెండో పేజీలో ముద్రణ వివరాల్లాగా.)

హైదరాబాద్‌లో ఉన్నవాణ్ణి కనక కోఠి గుజరాతీ గల్లీలో ఒక శనివారం తిరిగాను. అక్కడ పది, 47, 100 కిలో ఓమ్‌లు రాశులుగా దొరుకుతాయి. 250 అంటే వెతకాలి. ఎందుకంటే రేడియో, టీవీ రిపేరు లోకం నడిచిన వరస వేరు, అక్కడ 220, 470 ఉంటాయి. ఇరవై శాతం అనుమతి గుర్తుందా? 220 అనేది 250 ఇంటి మనిషే. 470 అనేది 500కి సొంత తమ్ముడు. పేరు వేరైనంత మాత్రాన వదిలేసుకోవడం అమాయకత్వం. ఇది చెబితే చెల్లెలు, మానుకోటలో స్టేషన్‌కి దగ్గర్లో ఒక పాత రేడియో మెకానిక్ ఉన్నాడని, ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నా వెనక అల్మారా అలాగే ఉందని చెప్పింది. గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి దిగాను. ఆయన పెట్టె మూత తీస్తే పాత సరుకు, వాడనివి, లోహపు షాఫ్టువి. 470, బీ. వెర్నియర్ పెడితే షాఫ్ట్ ఆరు. మూడు కొన్నాను, ఒక్కోటి పాతిక రూపాయలు. కొలిస్తే 455, 481, 490. షాఫ్ట్ పొడుగెక్కువ, కోసుకోవచ్చు. తిప్పితే గట్టిగా, జిడ్డుగా కదిలాయి, లోపలి గ్రీజు చిక్కబడిపోయి. కొత్త గిటార్లకి ఇది లోపమంటారు. చిటికెన వేలితో తిప్పుకునేవాళ్ళు మెత్తగా ఉండాలంటారు. మామకి నచ్చింది అదే: "మంచిగ గట్టిగున్నది. చెయ్యి తాకితే తిరగది."

బుష్ లావుగా ఉండటం వల్ల ప్లాస్టిక్ గార్డులో రంధ్రం గుండ్రటి ఆకురాయితో పెంచాలి. అది మామ చేశాడు, నన్ను చేయనివ్వలేదు. టోన్‌కి గల్లీలో దొరికిన ఆల్ఫా ఏ250, షాఫ్ట్ ఆరే, కెపాసిటర్ పాతదే ఉంచాం, 0.047 మైక్రోఫారాడ్. అతకడంలో ఒక్కటే జాగ్రత్త. ఎర్త్ వైరుని డబ్బా వీపు మీద అతకాలి, ఆ రేకు వేడిని తాగేస్తుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ని అక్కడ నిమిషాల తరబడి ఆనిస్తే లెడ్డు కరిగేలోపు లోపలి ట్రాక్ మాడుతుంది. ముందు వీపుని ఆకురాయితో మెరిసేదాకా గీకి, ఫ్లక్స్ రాసి, ఎక్కువ వాట్ల ఐరన్‌తో మూడు లెక్కలో పెట్టి తీసెయ్యాలి. మామ దగ్గర 60 వాట్లది ఉంది. ఆయన పట్టుకున్నాడు, నేను అతికాను, "ఇగ తియ్యి" అని ఆయనే చెప్పాడు.

లెక్క చూసుకుంటే వాల్యూమ్ దగ్గర పాతది తీసి దాదాపు అలాంటిదే పెట్టాం. బీ500 పోయి బీ470 వచ్చింది. ఇంత తిరిగి ఇదా అని మా అత్తమ్మ అడిగింది. అదే అన్నాం ఇద్దరం. ఇత్తడి నాబ్ అంచు మీద, సున్నా నుంచి ఒక గంట దూరంలో వేలికి తగిలేలా, మామ ఆకురాయితో చిన్న గాటు పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం వెనక బెంచీలో కూర్చున్నాను. గరగర లేదు. ప్రార్థన మొదలవగానే నాబ్ సున్నాకి వెళ్ళి, గాటు దాకా వెనక్కొచ్చింది. పాస్టర్ గారి మాట కింద బేస్ ఉంది, ఉన్నట్టు తెలియనంతగా. రెండో పాటలో కీబోర్డు అబ్బాయి ఎడమచెయ్యి తీసి పేజీ తిప్పుకున్నాడు, తిప్పాక వెంటనే కింద పెట్టలేదు. మూడో పాటకి మళ్ళీ పెట్టాడు. కమిటీ వాళ్ళు ఇంకా ఏమీ అనలేదు.

మిగిలిన రెండు 470లు మామ డబ్బాలో ఉన్నాయి. చెల్లెలి గిటార్‌లో ఉన్నవి హంబకర్లు, వాల్యూమ్ నాబ్ ఊగుతోందట. షాఫ్ట్ ఎంతో కొలిచి పంపమన్నాను.